కనకాయి మూడు జలపాతాలు: ఒక్క పూటలో చూసి రావడం ఎలా

ఆదిలాబాద్ జిల్లా జలపాతాలంటే అందరి నోటా ముందు కుంటాల, తర్వాత పొచ్చెర. రెండింటికీ దాదాపు నీళ్ల దగ్గరిదాకా బండి పోతుంది. మెట్లు దిగి, ఫొటో దిగి, మక్కబుట్ట కాల్పించుకుని తిని వచ్చేయొచ్చు. నడిచి చేరుకోవాల్సిన జలపాతం కావాలంటే మాత్రం కుంటాల ఉన్న కడెం వాగు మీదే, దానికి ఎగువన, బజార్‌హత్నూర్ మండలం గిర్నూర్ దగ్గరికి వెళ్లండి. అక్కడ కనకాయి ఉంది. కనకదుర్గ అమ్మవారి పేరు మీద వచ్చిన పేరది. మరాఠీలో ఆయి అంటే అమ్మ. మహారాష్ట్ర సరిహద్దుకు ఇంత దగ్గర ఊళ్లలో అమ్మవారిని అలా పిలవడం వింతేమీ కాదు.

ఎత్తు చూసి పోయేవాళ్లకు ఇది నిరాశే. కుంటాల 45 మీటర్లు, పొచ్చెర 20 మీటర్లు. కనకాయి 30 అడుగులు, అంటే తొమ్మిది మీటర్లు ఉంటుందేమో. దీని ప్రత్యేకత వేరు. ఒకే నడకలో మూడు జలపాతాలు కనిపిస్తాయి, ఏ రెండూ ఒక్క తీరుగా ఉండవు. మొదటిది కనకాయి, కింద పెద్ద మడుగుతో. రెండోది బండ్రేవు, ఎత్తు కన్నా వెడల్పు ఎక్కువ, బండల మీద పరుచుకుని పడుతుంది. మూడోది చీకటి గుండం. అది కడెం వాగు మీద కాదు, పక్కనుంచి వచ్చి దాంట్లో కలిసే ఒర్రె మీద ఉంది. పేరులోనే దాని సంగతి ఉంది.

నేను నిర్మల్‌లో ఉంటాను కాబట్టి లెక్కలన్నీ నిర్మల్ నుంచి చెబుతున్నాను. వరంగల్ నుంచి వచ్చేవాళ్లకు కరీంనగర్, జగిత్యాల మీదుగా నిర్మల్ చేరడానికే నాలుగైదు గంటలు పడుతుంది. పొద్దున హనుమకొండలో బయల్దేరి అదే రోజు చూసి వద్దామనుకుంటే మధ్యాహ్నం అడవిలోకి అడుగుపెడతారు. అది తప్పు వేళ. ముందురోజు రాత్రికే నిర్మల్ గానీ ఆదిలాబాద్ గానీ చేరి పడుకోండి.

ఏ కార్తెలో పోవాలి

జలపాతం చూడటానికి జూలై, ఆగస్టు మంచివని అందరూ చెబుతారు. ఫొటోలకు మంచివే. మనుషులకు కాదు.

కడెం వాగు పుట్టేదే బజార్‌హత్నూర్ దగ్గర. అంటే గిర్నూర్ దగ్గర మీరు చూసే వాగు ఇంకా పసిది. చుట్టూ ఉన్న గుట్టల మీద పడ్డ వాన దాంట్లోకి చేరడానికి రోజులేమీ పట్టదు. గోదావరి వరదయితే పైన మహారాష్ట్రలో వాన పడిందని, ఫలానా గేట్లు ఎత్తారని రెండు రోజుల ముందే వార్తల్లో తెలుస్తుంది. ఇలాంటి పసివాగుకు ముందస్తు కబురు ఉండదు. ఎంత తొందరగా పొంగుతుందో అంత తొందరగా తగ్గుతుంది కూడా. ఈ గుణం గుర్తుంచుకోండి, తర్వాత అక్కరకొస్తుంది. ఈ వాగు కోపం ఎలాంటిదో కిందనున్న కడెం ప్రాజెక్టు వాళ్లు 2022 జూలైలో చూశారు. 5 లక్షల క్యూసెక్కులకు పైగా వరద వచ్చి, 18 గేట్ల ఆనకట్ట మీది నుంచే నీళ్లు పొర్లాయి.

అందుకే నా లెక్క కార్తెలతో నడుస్తుంది. పునర్వసు, పుష్యమి, ఆశ్లేష, అంటే జూలై మొదటి వారం నుంచి ఆగస్టు నడిమి దాకా, ఇటువైపు రావద్దు. మఖ, పుబ్బ అనుమానమే. ఉత్తర కార్తె సెప్టెంబర్ 13 ప్రాంతంలో వస్తుంది. ఉత్తర చూసి ఎత్తర గంప అన్నారు పెద్దలు. అప్పటికీ వానల్లేకపోతే ఊరు విడిచి పొమ్మని రైతుకు చెప్పిన మాట అది. నడకకు పోయేవాళ్లు మాత్రం ఉత్తర చూసి సద్దిమూట ఎత్తుకోవచ్చు. ఉత్తర, హస్త, చిత్త కార్తెలు, అంటే సెప్టెంబర్ నడిమి నుంచి అక్టోబర్ 20 దాకా మంచి కాలం. వాగులో నీళ్లు నిండుగానే ఉంటాయి, కానీ తేరుకుని ఉంటాయి. గడ్డి పచ్చగా ఉంటుంది. ఊళ్లలో బతుకమ్మ సందడి ఉంటుంది. దీపావళి దగ్గరపడితే గోండు గూడేల్లో దండారి పండుగ మొదలై, నెమలి ఈకల టోపీలు పెట్టుకుని ఆడే గుస్సాడీలు కనిపిస్తారు. నవంబర్ దాటితే ధార సన్నబడుతుంది. జనవరిలో పోయి నీళ్లు లేవని ఎవరినీ తిట్టొద్దు.

ఈ కాలంలో ఒక చిక్కుంది. వానలు వెళ్లిపోయే రోజుల్లో పొద్దంతా ఎండ కాచి, మధ్యాహ్నం దాటాక మబ్బు పట్టి ఉరుములతో కొడుతుంది. రెండింటికల్లా అడవి బయట ఉండాలని నేను పట్టుబట్టేది అందుకే.

వాన లెక్క చూసుకోవడం

ముందు మూడు రోజుల వాన తెలుసుకోండి. నిర్మల్‌లో పడ్డదా, వరంగల్‌లో పడ్డదా అన్నది అనవసరం. బజార్‌హత్నూర్, బోథ్, ఇచ్చోడ మండలాల్లో ఎంత పడ్డదన్నదే లెక్క. తెలంగాణ అభివృద్ధి ప్రణాళిక సంస్థ మండలాల వారీగా వాన లెక్కలు ఇస్తుంది, ఫోన్లోనే చూసుకోవచ్చు. వాతావరణ శాఖ లెక్కలో 24 గంటల్లో 64.5 మిల్లీమీటర్లు దాటితే భారీ వర్షం, 115.6 నుంచి అతి భారీ. నేను అంతదాకా ఆగను. ఆ మూడు మండలాల్లో ఏ ఒక్కదాంట్లోనైనా ముందురోజు 30 మిల్లీమీటర్లు దాటితే ఆ రోజు ప్రయాణం మానేస్తాను. ఇది ఏ శాఖా చెప్పిన అంకె కాదు, ఒకసారి వాగు నేర్పిన అంకె. ఆ కథ కింద చెబుతాను. ఆదిలాబాద్ జిల్లాకు ఆరెంజ్ గానీ రెడ్ గానీ హెచ్చరిక ఉంటే ఆలోచనే వద్దు. ఎల్లో ఉంటే ఊళ్లో వాళ్లను అడిగి నిర్ణయించుకోండి. పిడుగుల కోసం దామిని యాప్ పెట్టుకోండి. అడవిలో సిగ్నల్ లేకపోతే అది పనిచేయదు కాబట్టి ఊళ్లోనే ఒకసారి చూసి కదలాలి.

అంకెల కన్నా గట్టి కబురు ఇంకోటుంది. వాగు ఒడ్డున చేను ఉన్న మనిషిని అడగడం. ఇచ్చోడలో టీ తాగుతూ, "దాదా, గిర్నూర్ దిక్కు వాన పడ్డదా?" అని అడిగితే చాలు, నలుగురు నాలుగు వైపుల నుంచి చెబుతారు. ఆదిలాబాద్ జిల్లాలో దాదా అంటే అన్న. నగరాల్లో ఆ మాటకున్న అర్థం ఇక్కడ లేదు.

గంటలను వెనక నుంచి లెక్కపెట్టండి

ఎన్నింటికి బయల్దేరాలి అని మొదలుపెడితే లెక్క తప్పుతుంది. ఎన్నింటికి బయటికి రావాలి అని మొదలుపెట్టండి. అక్టోబర్ నడిమికి ఈ వైపు ఆరు కాకముందే పొద్దు గూకుతుంది. అడవిలో అంతకు అరగంట ముందే చీకటి. చిరుతలు, ఎలుగుబంట్లు ఉన్న అడవి ఇది. పొద్దుగూకే వేళ వాగు దగ్గరికి నీళ్లకొచ్చేది అవి, మనం కాదు.

మధ్యాహ్నం రెండింటికి గిర్నూర్‌లో ఉండాలంటే పన్నెండున్నరకు ఎక్కడున్నా వెనక్కి తిరగాలి. మూడోది చూడలేదని, ఇంకో పది నిమిషాలని బేరం వద్దు. తొమ్మిదికి నడక మొదలైతే చేతిలో మూడున్నర గంటలు ఉంటాయి. తొమ్మిదికి నడక అంటే ఎనిమిదిన్నరకు ఊళ్లో, ఏడున్నరకు ఇచ్చోడలో టిఫిన్, ఆరుంపావుకు నిర్మల్ నుంచి బయల్దేరడం. నిర్మల్ నుంచి ఇచ్చోడ సుమారు 50 కిలోమీటర్లు, అంతా నాలుగు లేన్ల 44వ నంబరు జాతీయ రహదారే. దారిలో గుట్టల మీద మంచు దిగి ఉంటే ఆగి చూడాలనిపిస్తుంది. ఆగకండి, వచ్చేటప్పుడు చూడొచ్చు. ఆదిలాబాద్ నుంచి వచ్చేవాళ్లకు ఇచ్చోడ సుమారు 30 కిలోమీటర్లు.

నిర్మల్, ఆదిలాబాద్ మధ్య తిరిగే బస్సులు ఇచ్చోడలో ఆగుతాయి. అక్కడి నుంచి బజార్‌హత్నూర్ రోడ్డు పట్టే ఆటోలు ఉంటాయి. ఆటోలో పోతే తిరుగు ప్రయాణం ముందే మాట్లాడుకోండి, మధ్యాహ్నం గిర్నూర్‌లో నిలబడి చేయెత్తితే ఆగేవి తక్కువ. సొంత బండిలో పోతే పెట్రోలు, చిల్లర నోట్లు ఇచ్చోడలోనే చూసుకోవాలి.

బండి విషయంలో ఒక హెచ్చరిక. ఊరు దాటాక మట్టిబాట ఉంటుంది. అది నల్లరేగడి. ఎండినప్పుడు సిమెంటులా ఉంటుంది. నాలుగు చినుకులు పడితే టైరుకు చుట్టుకుని, మడ్‌గార్డుకూ చక్రానికీ నడుమ ఇరుక్కుని, చక్రం తిరగడమే మానేస్తుంది. పుల్లతో గీకి తీస్తే పది గజాలు పోయి మళ్లీ ఆగుతుంది. బాట తడిగా కనిపిస్తే బండి ఊళ్లోనే, ఎవరి వాకిట్లోనైనా అడిగి పెట్టండి. కారు అయితే మరీ. ఒకసారి దిగబడితే ట్రాక్టరు రావాలి. పత్తి ఏరే రోజుల్లో ట్రాక్టరు దొరకడం మీ అదృష్టం.

ఊళ్లో మనిషిని వెంట తీసుకెళ్లండి

మూడు జలపాతాలకూ బోర్డులు, బాణం గుర్తులు ఉంటాయనుకోవద్దు. చేలలోంచి, తుప్పల్లోంచి పోయే కాలిబాటలు చాలా ఉంటాయి. పశువుల బాట, మనుషుల బాట మొదట్లో ఒకేలా కనిపిస్తాయి. చీకటి గుండానికి బాట తెలియనివాళ్లు ఒర్రె పక్కనుంచే పోయి దాన్ని చూడకుండా తిరిగొస్తారు. ఫోన్లో మ్యాపు ముందే దించుకుని, బండి పెట్టిన చోటు గుర్తు పెట్టుకోండి, మంచిదే. కానీ ఆ మ్యాపుకు ఈ రోజు వాగు ఎంత ఉందో తెలియదు.

డబ్బులు ముందే మాట్లాడుకోండి. సెప్టెంబర్ చివరి నుంచి సోయా కోతలు, వెంటనే పత్తి ఏరడం. మీతో వచ్చిన మనిషి ఆ రోజు కూలి వదులుకుని వచ్చినట్టు. దానికి తగ్గకుండా ఇవ్వండి. భోజనం కూడా మీతోనే. ఆయన వద్దన్న చోట వద్దన్నట్టే. నలుగురు కుర్రాళ్లు కలిసి ఒక్క పెద్దాయనను మాటలతో ఒప్పించడం తేలిక, అందుకే చెబుతున్నాను. దారిలో అటవీ శాఖ వాళ్లు ఎదురై ఆపితే వాదన పెట్టుకోకుండా వెనక్కి రావాలి. కుంటాల దగ్గరే ఉంది, రోజు వృథా కాదు.

కనకదుర్గ అమ్మవారి గుడి దగ్గర చెప్పులు విడిచి దండం పెట్టుకుని కదలండి. నమ్మకం లేకపోయినా ఊరి మర్యాద అది. గూడేల్లో ఆడవాళ్లను, పిల్లలను అడగకుండా ఫొటోలు తీయొద్దు. మందు సీసాల సంగతి చెప్పాలా? జలపాతాల దగ్గర మునిగిపోయినవాళ్ల వార్తలు చదివితే సగం చోట్ల ఆ మాట కనిపిస్తుంది.

సంచిలో ఏముండాలి

మనిషికి రెండు లీటర్ల నీళ్లు. వాగు నీళ్లు ఎంత తేటగా కనిపించినా పైన పశువులు తిరుగుతాయి, తాగొద్దు. సద్దికి జొన్నరొట్టెలు, పల్లికారం, లేదా పులిహోర. పల్లీపట్టీలు, ఓఆర్‌ఎస్ పొట్లాలు రెండు. టార్చి, పగటి నడకైనా సరే. ఈల. ఫోను పెట్టుకోవడానికి ప్లాస్టిక్ కవరు. పవర్ బ్యాంకు. ఒక పొడి చొక్కా, తుండుగుడ్డ. చెత్త వెనక్కి తేవడానికి ఖాళీ సంచి.

కాళ్లకు స్లిప్పర్లు వద్దు, కొత్త బూట్లూ వద్దు. తడిసినా బాధపడని, మడమకు పట్టీ ఉన్న పాతవి, అడుగున గాట్లు అరిగిపోనివి వేసుకోండి. వానకాలం చేలలో రైతులు వేసుకునే ప్లాస్టిక్ బూట్లు మన స్పోర్ట్స్ షూ కన్నా ఈ బురదలో బాగా పనిచేస్తాయి. ఇచ్చోడ అంగట్లో దొరుకుతాయి. ఫుల్ ప్యాంటు తప్పనిసరి. ఒక కర్ర కూడా. అది పాము కోసమని అందరూ అనుకుంటారు, అసలు పని వాగు దాటేటప్పుడు.

ఆడవాళ్లతో వెళ్తుంటే మరుగుదొడ్డి అవసరం ఇచ్చోడలోనే చూసుకోవడం మేలు. దారిలో తప్పనిసరైతే నీళ్లకు కనీసం అరవై డెబ్బై అడుగుల దూరం పోవాలి.

నడక, ఏది ముందు ఏది వెనక

ఊరి నుంచి మొదటి జలపాతం రెండు కిలోమీటర్ల పైచిలుకు. దూరం చిన్నదే. చేలు దాటాక టేకు చెట్లు, మోదుగలు, అక్కడక్కడా ఇప్పచెట్లు. వాగు చప్పుడు ముందు వినిపిస్తుంది, నీళ్లు తర్వాత కనిపిస్తాయి.

ఇక్కడ దాదాపు అందరూ చేసే పొరపాటు ఒకటే. కనకాయి కనిపించగానే సంచులు దించి, ఫొటోలు మొదలుపెట్టి, గంటన్నర గడిపేస్తారు. ఆ తర్వాత మిగతా రెండింటికీ ఉరుకులు పరుగులు. మడుగు మీద మోజు పక్కన పెట్టి, పది నిమిషాలు చూసి ముందుకు కదలండి. వచ్చేటప్పుడు ఎలాగూ ఇక్కడే కూర్చుంటారు. ముందు బండ్రేవు దాకా పోయి రండి. కాళ్లలో సత్తువ ఉన్నప్పుడే దూరం తీరిపోవాలి. పదకొండు, పన్నెండు నడుమ చీకటి గుండం. పొద్దు నడినెత్తిన ఉన్నప్పుడే ఆ ఇరుకులో వెలుగు పడుతుంది. పొద్దున్నే పోతే పేరు సార్థకమే కానీ కాలు ఎక్కడ పెడుతున్నామో కనిపించదు. చివరికి కనకాయి దగ్గర సద్ది విప్పండి.

వాగు దాటడం

ఇప్పుడు ఆ కథ. మొదటిసారి నేను ఇటు వచ్చింది పుష్యమి కార్తెలో. ముగ్గురం. నడి వాగులో నీళ్లు పిక్కల లోతు, నవ్వుకుంటూ దాటాం. మా మీద చినుకు పడలేదు, వాగు ఎగువన మాత్రం ఆకాశం నల్లగా ఉంది. రెండు గంటల తర్వాత తిరిగొస్తే అదే చోట తొడల దాకా ఎర్రనీళ్లు, మీద కట్టెలు కొట్టుకొస్తున్నాయి. అవతలి ఒడ్డున ఎడ్లు మేపుకుంటున్న పెద్దాయన చేతులూపి కూర్చోమన్నాడు. కూర్చున్నాం. నాలుగు గంటలు. నీళ్లు తగ్గాక ఆయనే ఇవతలికొచ్చి ఒక్కొక్కరినీ చేయి పట్టి దాటించాడు. "దాటుడు అల్కనే బిడ్డా, మర్లొచ్చుడే కష్టం" అన్నాడు. మర్నాడు లెక్క చూస్తే ముందురోజే పై మండలంలో 34 మిల్లీమీటర్లు. నేల అప్పటికే తడిసి ఉంది, ఆ రోజు పడ్డదంతా నేరుగా వాగులోకే వచ్చింది.

2023 జూలై 26న ములుగు జిల్లా వీరభద్రవరం దగ్గర ముత్యాలధార జలపాతానికి వెళ్లిన 80 మంది దాకా ఇలాగే చిక్కుకున్నారు. వాళ్లను ఆపింది జలపాతం కాదు, తిరుగుదారిలో పొంగిన వాగు. జాతీయ విపత్తు సహాయక దళం (ఎన్డీఆర్‌ఎఫ్) వాళ్లు వచ్చి రాత్రికి రాత్రి బయటికి తెచ్చారు. మర్నాడు పొద్దుటికి అదే జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల వాన 649.8 మిల్లీమీటర్లుగా నమోదైంది.

దాటే ముందు ఇలా చేయండి. పోయేటప్పుడే నీటి అంచున ఒక పుల్ల గుచ్చండి, లేదా రాయి పెట్టండి. దాన్ని ఫొటో తీయండి. అవతలి ఒడ్డున పది నిమిషాలు ఆగి చూడండి. రాయి మునిగితే అప్పుడే వెనక్కి. ముందుకెళ్లి ఆలోచిద్దామంటే ఆలోచించడానికి ఒడ్డు మిగలదు.

వెడల్పుగా, చప్పుడు ఎక్కువగా ఉన్న చోట లోతు తక్కువ. సన్నగా, నిశ్శబ్దంగా పారే చోటే లోతు. ఈత వచ్చినవాళ్లే ఈ సంగతి మరచిపోతారు. జలపాతం అంచుకు ఎగువన దగ్గరలో ఎప్పుడూ దాటొద్దు, కాలు జారితే ఆగే చోటు ఉండదు. సంచి ముందు పట్టీలు విప్పి భుజానికి వదులుగా వేసుకోండి, పడితే వదిలేయగలగాలి. ముఖం ఎగువకు పెట్టి, కర్ర ఎగువన ఆనించి, పక్కకు అడుగులు వేయండి. కర్ర, రెండు కాళ్లు, ఈ మూడింట్లో ఏ సమయంలోనైనా రెండు నేల మీద ఉండాలి. పిక్కలు దాటి మోకాలికి వస్తే, నీళ్లు జోరుగా ఉంటే, మానేయండి. మోకాలి లోతు పారే నీళ్లు పెద్ద మనిషిని కూడా పడేస్తాయి.

అవతల చిక్కుకుపోతే కూర్చోవడమే. ముందే చెప్పాను కదా, పసివాగు తొందరగా తగ్గుతుంది. ఎత్తైన చోట, ఒంటరి చెట్టు కింద కాకుండా కూర్చోండి. పొడి చొక్కా, టార్చి, మిగిలిన పల్లీపట్టీలు అప్పుడు పనికొస్తాయి.

నీళ్ల దగ్గర

గుండం అనే మాట ఊరికే పెట్టరు. నీటి సుడిలో రాళ్లు ఏళ్ల తరబడి తిరిగి తిరిగి బండను తొలిచిన గుంట అది. అంచులు నున్నగా ఉంటాయి, పట్టుకోవడానికి ఏమీ దొరకదు. పైకి చూస్తే నడుంలోతు అనిపిస్తుంది. గుండాల్లోకి, ధార కిందికి దిగొద్దు. తడవాలనిపిస్తే కింద, నీళ్లు పలచగా పారే చోట, పాదాలు కనిపించే లోతులో కూర్చోండి. ఆ సుఖం చాలు.

నల్లగా మెరిసే బండ మీద అడుగు పెట్టొద్దు, అది పాకురు. బూడిదరంగులో ఎండిన బండ మీద నడవండి. సెల్ఫీ కోసం వెనక్కి అడుగులు వేయడం ఇక్కడ అసలు కూడదు.

తల ఎత్తి రాతి గోడలు కూడా చూడండి. నల్లటి పెద్ద తేనెపట్లు వేలాడుతూ ఉంటే అక్కడ పొగ, మంట, స్పీకర్లో పాటలు వద్దు. తేనెటీగలు లేస్తే ముఖం కప్పుకుని పరుగెత్తాలి. మడుగులోకి దూకితే పైకి లేచేదాకా అవి అక్కడే తిరుగుతుంటాయి.

నీళ్లు చూస్తూ ఉండండి, సరదాకు కాదు. తేటనీళ్లు ఎర్రబడటం, ఆకులూ పుల్లలూ ఒక్కసారిగా కొట్టుకురావడం, చప్పుడు బరువెక్కడం. ఈ మూడింట్లో ఒక్కటి కనిపించినా సద్ది కూడా కట్టకుండా ఒడ్డెక్కి, వాగు దాటే చోటికి కదలండి. తినడం ఊళ్లో కూడా తినొచ్చు.

ఏదైనా జరిగితే

పాము కరిస్తే కోయడం, నోటితో పీల్చడం, తాడుతో బిగించడం, మంత్రం, ఏవీ వద్దు. కరిచిన కాలును కర్ర ఆసరాతో కదలకుండా కట్టి, మనిషిని నడిపించకుండా మోసుకురావాలి. రక్తపింజర, కట్లపాము, నాగుపాము, ఏది కరిచినా మందు ఆసుపత్రిలోనే. పామును చంపి తెచ్చే పని పెట్టుకోవద్దు. 108కి సిగ్నల్ దొరికిన మొదటి చోటి నుంచే ఫోన్ చేయండి. ఆ చోటు ఎక్కడో పోయేటప్పుడే గమనించి ఉంచుకోండి. పెద్ద చికిత్సకు ఆదిలాబాద్‌లో రిమ్స్ ఆసుపత్రి ఉంది. మడమ మెలిపడితే బూటు విప్పకండి, విప్పితే వాచి మళ్లీ ఎక్కదు.

ఇంట్లో ఒక మనిషికి ముందే మూడు ముక్కలు రాసి పంపండి: గిర్నూర్ నుంచి ఎవరెవరు పోతున్నారు, బండి ఎవరి వాకిట్లో ఉంది, సాయంత్రం ఎన్నింటిదాకా ఫోన్ రాకపోతే 112కి చేయాలి. నేను నాలుగున్నర రాస్తాను. రెండింటికి బయటికొచ్చే లెక్కలో రెండున్నర గంటలు వాగు కోసం వదిలినట్టు.

గిర్నూర్ చేరగానే కాళ్లకంటిన రేగడి కడుక్కునే లోపే ఆ ఫోన్ చేయండి. ఒకసారి నేను ఇచ్చోడలో మిర్చీబజ్జీలు తింటూ ఇంటికి ఫోన్ చేయడం మరచిపోయాను. నాలుగున్నరకు సరిగ్గా పోలీసుల నుంచి ఫోన్ వచ్చింది. చేతిలో బజ్జీ, నోట్లో బజ్జీ, ఎక్కడున్నారు సార్ అని అవతలి గొంతు.